కుట్టిచ్చిర గట్టున చెక్క మసీదు

బదిలీ ఆర్డరు రాగానే ప్రతి ఇంట్లోనూ ఒక జాబితా తయారవుతుంది. గ్యాస్ కనెక్షన్ మార్పు, టి.సి., క్వార్టర్ దొరుకుతుందా దొరకదా, పాలవాడు, దగ్గర్లో కందిపప్పు, గోంగూర పచ్చడి అమ్మే కొట్టు. ఆ జాబితా చివర ఎక్కడో "చూడవలసిన ప్రదేశాలు" అని ఉంటుంది. వాటిని మొదటి ఆరు నెలల్లో చూసేస్తాం. తరువాత విజయవాడ నుంచో వరంగల్ నుంచో చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్ళను వెంటబెట్టుకుని మళ్ళీ అవే చూపిస్తాం. మూడేళ్ళు తిరిగేసరికి ఇంకో ఆర్డరు.

కోళిక్కోడ్‌లో చదువుతున్న మేము అయిదుగురం తెలుగువాళ్ళం. పదకొండో తరగతి. అందరం కలిపి ఇప్పటికి పద్ధెనిమిది ఊళ్ళు మారాం (ఒకసారి ఇంటర్వెల్‌లో లెక్కపెట్టాం). ఒకరి నాన్నగారు రైల్వే, ఒకరి అమ్మగారు బ్యాంకు, ఇద్దరివి ఆదాయపు పన్ను, ఒకరిది సి.ఆర్.పి.ఎఫ్. ఇక్కడ మన వాళ్ళ జాబితాలో ఉండేవి బీచి, వయనాడు కొండలు, కాప్పాడ్ తీరం, మిఠాయి వీధిలో హల్వా. హల్వా గురించి మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. మిగిలిన వాటి గురించి మాత్రం మాకో అభిప్రాయం ఉంది. ప్రతి ఊళ్ళోనూ టికెట్టు, పెద్ద బోర్డు, పార్కింగు లేని ఒక చిన్న చోటును మనం మన చోటుగా పెట్టుకోవాలి. ఒకసారి చూసి వదిలేయకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. మాకు అలాంటి చోటు కుట్టిచ్చిర. అక్కడి చెరువు గట్టున ఉన్న పాత చెక్క మసీదు, దానికి కూతవేటు దూరంలో ఉన్న ఇంకా చిన్న మసీదు.

మలయాళంలో చిర అంటే చెరువు. మన మాటకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. రైల్వే స్టేషన్ నుంచి సముద్రం వైపు నడిచిపోయేంత దూరమే. సందులు సన్నగా ఉంటాయి, ఆటో పక్కన ఆటో పట్టదు. ఆ సందుల్లోంచి బయటపడగానే ఒక్కసారి ఆకాశం కనిపిస్తుంది, కింద నీళ్ళు కనిపిస్తాయి. చుట్టూ మెట్లు. సాయంత్రాలు ముసలివాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. సముద్రం అక్కడికి కనిపించదు కానీ గాలి మాత్రం అటు నుంచే వస్తుంది.

చెరువు పక్కన ఉన్నదే మిష్కాల్ పళ్ళి. మొదటిసారి చూసినవాళ్ళు "మసీదు ఏదీ?" అని అడుగుతారు. మన కళ్ళకు చార్మినార్ పక్కనున్న మక్కా మసీదు, ఢిల్లీ జామా మసీదు అలవాటు. గుమ్మటం ఉండాలి, మినారు ఉండాలి. ఇక్కడ రెండూ లేవు. ఎత్తయిన అరుగు మీద నాలుగు అంతస్తులు, పైకి పోయేకొద్దీ చిన్నవవుతూ ఒకదాని మీద ఒకటి పెంకుటి కప్పులు, చెక్క కటకటాలు, నీలం రంగు. 24 చెక్కడపు స్తంభాలు, 47 తలుపులు ఉన్నాయని చెప్తారు. దూరం నుంచి చూస్తే కేరళ గుడిలా ఉంటుంది, ఇంకాస్త దూరం నుంచి పెద్ద నాయర్ ఇల్లులా ఉంటుంది. ఇందులో వింతేమీ లేదు. ఏడాదిలో అయిదారు నెలలు వాన పడే చోట ఎవరి ఇల్లయినా, ఎవరి దేవుడి ఇల్లయినా నీళ్ళు జారిపోయేలా కప్పు వాలుగానే ఉండాలి. టేకు అడవుల్లోంచి వస్తుంది. చెక్కేవాళ్ళు ఈ ఊరి వడ్రంగులే. వాళ్ళ చేతికి తెలిసిన పద్ధతిలోనే కట్టారు. వానాకాలంలో ఒకసారి వెళ్ళి ఆ కప్పుల మీద నుంచి నీళ్ళు అంచెలంచెలుగా దూకడం చూస్తే, గుమ్మటం ఎందుకు కట్టలేదన్న ప్రశ్న ఎవరికీ రాదు.

పళ్ళి అన్న మాట గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. మలయాళంలో మసీదునూ పళ్ళి అంటారు, చర్చినీ పళ్ళి అంటారు. పళ్ళిక్కూడం అంటే బడి. పూర్వం బౌద్ధుల, జైనుల చోట్లను కూడా పళ్ళి అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళను పాత మాటలోనే ఇముడ్చుకోవడం ఈ భాషకు అలవాటు. మాలో ఒకరు చేరిన కొత్తలో బస్సులో ఎవరో "పళ్ళి స్టాప్" అంటే ఇదేదో పల్లెటూరు అనుకుని దిగకుండా కూర్చున్నారు. ఆ సంగతి ఇప్పటికీ మా గుంపులో చెప్పుకుని నవ్వుతాం.

ఈ పళ్ళిని కట్టించినవాడు రాజు కాదు, నవాబు కాదు. నాఖుదా మిష్కాల్ అనే ఓడల వ్యాపారి. 14వ శతాబ్దపు మాట. నాఖుదా అంటే పారసీకంలో ఓడ యజమాని. అందులోని మొదటి ముక్కకూ మన "నావ"కూ చుట్టరికం ఉంది. మిష్కాల్, అంటే అరబ్బీలో మిథ్కాల్, బంగారం తూచే ఒక బరువు. సుమారు నాలుగుంపావు గ్రాములు. పేరుకు తగ్గట్టే ధనవంతుడు. 1340ల్లో కోళిక్కోడ్ వచ్చిన ఇబ్న్ బతూతా ఈ ఊళ్ళో మిథ్కాల్ అనే ప్రసిద్ధుడైన ఓడల యజమాని ఉన్నాడనీ, అతని ఓడలు చైనాకూ యెమెన్‌కూ పర్షియాకూ తిరుగుతాయనీ రాశాడు. అంటే చెరువు గట్టున మనం చూసే కట్టడం వెనక ఉన్నది యుద్ధంలో గెలుపు కాదు, సరుకు. మిరియాలు, అల్లం, బట్టలు, గుర్రాలు. ఓడలు సగం ఏడాది ఒక గాలికి వచ్చేవి, మిగతా సగం ఎదురు గాలికి తిరిగి వెళ్ళేవి. మధ్యలో నెలల తరబడి వాళ్ళు ఇక్కడే ఉండిపోవాలి. ఉండిపోయినవాళ్ళకు ఇల్లు కావాలి, ప్రార్థనకు చోటు కావాలి, పిల్లలకు బడి కావాలి. మన క్వార్టర్సు ఎందుకు ఉన్నాయో ఈ వాడ కూడా అందుకే పుట్టిందని మాకు అనిపిస్తుంది.

1510 జనవరిలో పోర్చుగీసు సేనలు ఈ ఊరి మీద పడ్డాయి. నడిపినవాళ్ళు ఆల్బుకెర్క్, కుటినో. రాజుగారి కోటలోకి దూరి దోచుకున్నారు, ఈ పళ్ళికి నిప్పు పెట్టారు. సామూతిరి రాజు సైన్యం తిరగబడితే కుటినో అక్కడే చచ్చిపోయాడు, ఆల్బుకెర్క్ గాయాలతో ఓడెక్కాడు. ఆ ఏడాదే అతను గోవా పట్టుకున్నాడు. మన పుస్తకంలో ఉన్నది ఆ గోవా వాక్యమే. కోళిక్కోడ్‌లో తిన్న దెబ్బ అందులో లేదు. తరువాత పోర్చుగీసువాళ్ళు పక్కనే చాలియంలో 1531లో కోట కట్టారు. 1571లో సామూతిరి సైన్యం, నాయర్లూ మాప్పిళలూ కలిసి, ఆ కోటను ముట్టడించి పట్టుకుని నేలమట్టం చేశారు. ఆ కోటలోని కలప తెచ్చి కాలిన పళ్ళిని బాగుచేశారని ఈ వాడలో అందరూ చెప్పే మాట. ఆ యుద్ధం గురించి ఇక్కడి ఖాజీ ముహమ్మద్ అరబ్బీలో ఒక కావ్యం రాశాడు. పేరు ఫత్ హుల్ ముబీన్. అంకితం ఇచ్చింది ఎవరికి? సామూతిరికి. ఒక ముస్లిం పండితుడు తన అరబ్బీ కావ్యాన్ని హిందూ రాజుకు అంకితం ఇచ్చిన సంగతి పరీక్షలో వస్తే ఎన్ని మార్కులు వేస్తారో కానీ, దాన్ని చదవాల్సిన పాఠం మాత్రం మనకు ఇంతవరకూ లేదు.

ఇక రెండో మసీదు. ముచ్చుంది పళ్ళి. ఇది ఇంకా చిన్నది. తెలియకపోతే దాటి వెళ్ళిపోతాం. దీని గొప్పతనం ఒక రాయిలో ఉంది. 13వ శతాబ్దపు శాసనం. ఒకే రాయి మీద రెండు లిపులు, అరబ్బీ ఒకటి, వట్టెళుత్తు అనే పాత మలయాళ లిపి ఒకటి. అరబ్బీ భాగం శిహాబుద్దీన్ రైహాన్ అనే అతని గురించి చెప్తుంది. అతను ఒకప్పుడు బానిస, తరువాత విడుదల పొందినవాడు. తన సొంత డబ్బుతో స్థలం కొని ఈ మసీదు కట్టించాడు. మలయాళ భాగం రాజుగారి మాట. పూంతురక్కోన్, అంటే సామూతిరి, ఈ పళ్ళి ఖర్చుకు చేసిన ఏర్పాటు అందులో ఉంది. చరిత్రకారులు ఎం.జి.ఎస్. నారాయణన్ ఈ రాతిని చదివి లోకానికి చెప్పారు.

దీని దగ్గర మేము చాలాసేపు మాట్లాడుకున్నాం. ఒక పరదేశి, అందులోనూ నిన్నటి బానిస, ఇల్లు కట్టుకోవడం వేరు. ఊరి రాజు దాన్ని తన భాషలో, తన లిపిలో, అదే రాతి మీద ఒప్పుకోవడం వేరు. దానికి ఆ రాయే సాక్ష్యం. మన విద్యాలయ పత్రికలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం పేజీలు అయ్యాక చివర్లో మలయాళం, ఆ తరువాత ఈ తెలుగు పేజీలు వస్తాయి. చాలామంది అవి తిప్పేస్తారని మాకు తెలుసు. ఆ రాయిని చూసిన తరువాత మాకు ఈ పేజీల మీద గౌరవం పెరిగింది, అంతే చెప్తాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. 1442 చివర్లో అబ్దుర్ రజాక్ అనే రాయబారి హెరాత్ నుంచి ఇక్కడికి వచ్చాడు. ఈ ఊరు అతనికి పెద్దగా నచ్చలేదు. ఎండ, ఉక్కపోత, జనం బట్టలు తక్కువ వేసుకోవడం, అన్నీ తప్పుపట్టాడు. కానీ ఒక్క విషయం దగ్గర మెచ్చుకున్నాడు. ఈ రేవులో వ్యాపారులు సరుకు దించి బజారులో వదిలేసి కాపలా గురించి ఆలోచించకుండా తిరుగుతారట. ఇంకో మాట కూడా రాశాడు. ఇతర రేవుల్లో ఎక్కడికో వెళ్ళవలసిన ఓడ దారి తప్పి వస్తే, గాలే దాన్ని మా దగ్గరికి తెచ్చింది అని చెప్పి దోచుకుంటారు. కోళిక్కోడ్‌లో మాత్రం ఎక్కడి నుంచి వచ్చినా, ఎక్కడికి పోతున్నా, ప్రతి ఓడనూ ఒకేలా చూస్తారు. ఆ తరువాత అతను మన వైపే, విజయనగరానికి, రెండో దేవరాయల దగ్గరికి వెళ్ళాడు.

ఇది చదివిన రోజు మాలో బాపట్ల వైపు నుంచి వచ్చినవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎందుకంటే ఇదే మాట వాళ్ళ ఊరి దగ్గర రాతి మీద ఉంది. చినగంజాం దగ్గర మోటుపల్లి. ఇప్పుడు చిన్న ఊరు. ఒకప్పుడు కాకతీయుల పెద్ద రేవు. మార్కోపోలో ముత్ఫిలి అన్నది దాన్నే. అక్కడ వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు కొట్టుకొచ్చి తీరాన విరిగిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ళ సొమ్ము అలా తీసుకోవడం తగదని, నియమించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ఏ సరుకుకు ఎంతో రాతి మీద చెక్కించాడు, ఎవరూ తరువాత మాట మార్చకుండా.

ముచ్చుంది రాయీ, మోటుపల్లి రాయీ ఒకే శతాబ్దానివి. ఒకటి అరేబియా సముద్రం వైపు, ఒకటి బంగాళాఖాతం వైపు. ఇద్దరు రాజులూ దయామయులని మేము అనడం లేదు. ఓడలు రాకపోతే ఖజానా ఖాళీ అని ఇద్దరికీ బాగా తెలుసు. కానీ లాభం కోసమే అయినా సరే, గాలికి కొట్టుకొచ్చినవాడిని దోచుకోకూడదు అన్నది తమ రేవుల్లో పాటించారు. రేవును బతికించేది లోతైన నీళ్ళు మాత్రమే కాదు. ఆ మాట నిలబడడం కూడా. కోళిక్కోడ్‌లో నిజానికి మంచి ఓడరేవుకు తగిన సహజమైన వసతి కూడా లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే చిన్న పడవల్లో సరుకు దించేవారు. అయినా ప్రపంచం ఇక్కడికే వచ్చింది. 15వ శతాబ్దంలో చైనా నావికుడు జెంగ్ హె వెంట వచ్చిన మా హువాన్ ఈ ఊళ్ళో ఇరవై ముప్పై మసీదులు ఉన్నాయని రాశాడు.

మనం బదిలీల పిల్లలం. మనల్ని కూడా గాలే తెచ్చింది. ఆ గాలికి ఢిల్లీలో ఒక ఫైలు నంబరు ఉంటుంది, అంతే తేడా. కొత్త ఊళ్ళో మొదటి నెల ఎలా ఉంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. భాష రాదు. బెంచీ మీద చోటు ఎక్కడ దొరికితే అక్కడ. మన పేరును వాళ్ళకు వచ్చినట్టు పలుకుతారు. మాలో ఒకరిని ఇంతకుముందు ఉన్న ఒక ఊళ్ళో ఇల్లు అద్దెకు అడిగితే "మీరు మూడేళ్ళలో పోయేవాళ్ళేగా" అని ఎక్కువ అడ్వాన్సు పుచ్చుకున్నారు. పోయేవాడి దగ్గర ఎంతయినా లాగొచ్చు అన్న ఆలోచనకు ఏడు వందల ఏళ్ళ వయసుంది. అది తప్పని చెప్పిన రాతికీ అంతే వయసుంది. అందుకే ఆ మసీదును మేము కట్టడంగా మాత్రమే చూడలేకపోతున్నాం.

కాప్పాడ్ గురించి ఒక్క మాట. 1498లో వాస్కో డ గామా దిగిన చోటు అని అక్కడ ఒక చిన్న రాయి నిలబెట్టారు. బస్సుల్లో వచ్చి దాని పక్కన ఫోటోలు దిగి వెళ్తారు. మన సాంఘికశాస్త్రంలో కోళిక్కోడ్ పేరు వచ్చేది ఆ రోజు వల్లే. కానీ గామా వచ్చేసరికి మిష్కాల్ పళ్ళి వయసు నూరేళ్ళు దాటింది. ముచ్చుంది రాయి వయసు రెండు వందల ఏళ్ళు దాటింది. గామా మనుషులకు ఈ ఊళ్ళో ఎదురుపడిన తొలివాళ్ళలో స్పానిష్ మాట్లాడగల ట్యునీషియా వ్యాపారులున్నారు. ఎవరో వచ్చి కనుగొన్న ఊరు కాదు ఇది. విహారయాత్రకు ఒక్క రోజే ఉంటే బస్సును కాప్పాడ్ వైపు తిప్పకండి, కుట్టిచ్చిర వైపు తిప్పండి అని మా అభిప్రాయం. డీజిల్ కూడా కలిసొస్తుంది.

ఇక వెళ్ళడం ఎలా అన్నది. ఇక్కడే మాలో మాకు తగాదా వచ్చింది, ఇంకా పూర్తిగా తేలలేదు.

మిష్కాల్ పళ్ళి మ్యూజియం కాదు. అయిదు పూటలా నమాజు జరిగే చోటు. లోపల చూడాలంటే అనుమతి అడగాలి. మామూలుగా ఇతర మతాలవాళ్ళు, ఆడవాళ్ళు ప్రార్థన హాలులోకి వెళ్ళరు. మేము వెళ్ళిన మొదటిసారి అసర్ నమాజు అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాం. తరువాత అక్కడున్న ఒక పెద్దాయనను అడిగాం. ఇక్కడ ముస్లింలలో పెద్దవాళ్ళను "ఇక్కా" అని పిలుస్తారు, మన "అన్నా"లాగ. ఇక్కా అని పిలవగానే ఆయన ముఖం విప్పారింది. అబ్బాయిలు ముగ్గురినీ కాళ్ళు కడుక్కుని అరుగు మీదికి రమ్మన్నారు. అమ్మాయిలు ఇద్దరినీ బయటి నుంచి చూడమన్నారు. మాట కటువుగా లేదు, ఇంటి నుంచి టీ కూడా తెప్పించారు. నిమ్మకాయ పిండిన నల్ల టీ, సులైమానీ. కానీ మాట అదే.

తిరిగి వస్తూ దారంతా వాదన. "అతిథిగా వెళ్ళినప్పుడు ఇంటివాళ్ళ పద్ధతి పాటించాలి. మన ఇంట్లో కూడా పూజగదిలోకి చెప్పులతో రమ్మంటామా" అని కొందరం. "చెప్పులు విప్పవచ్చు, ఆడపిల్ల పుట్టుకను ఎక్కడ విప్పి పెట్టాలి" అని కొందరం. రెండో మాటకు మా దగ్గర సమాధానం దొరకలేదు. అందుకని దాన్ని ఇక్కడ దాచడం లేదు. మేము ప్రస్తుతానికి ఒప్పుకున్నది ఇంతవరకే: చూడడానికి వచ్చినవాళ్ళుగా మాకు ఆ హాలు మీద హక్కు లేదు, హాలు ఖాళీగా ఉన్నా సరే. అక్కడ ప్రార్థన చేసుకునే ఆడవాళ్ళ ప్రశ్న వేరు. అది వాళ్ళు తమ వాళ్ళను అడగవలసిన ప్రశ్న, అడుగుతున్నారు కూడా. కొట్టాయంలో మీనచ్చిల్ నది ఒడ్డున తాళత్తంగాడి పళ్ళి ఉంది. అదీ ఇలాంటి చెక్కడపు చెక్క మసీదే, అదీ నీటి ఒడ్డుదే. అక్కడ 2016లో ఆడవాళ్ళు లోపల చూడడానికి ప్రత్యేకంగా తలుపులు తెరిచారు. ఆ తలుపు తెరిచింది బయటివాళ్ళ కేకలు కాదు. మన గుళ్ళలోనూ ఎవరు ఎంతవరకు వెళ్ళవచ్చో అన్న గీతలు ఉన్నాయి, అవి మనకు అలవాటైపోయి కనిపించవు. పక్కవాడి గుమ్మం దగ్గర గీత మాత్రం వెంటనే కనిపిస్తుంది. మా ఇద్దరు అమ్మాయిలూ తరువాత ముచ్చుందికీ చెరువుకీ చాలాసార్లు వచ్చారు. మిష్కాల్ బయటి నుంచి చూస్తేనే బాగుంటుందని, లోపలున్నవాళ్ళకు కప్పులు కనిపించవని ఇప్పుడు వాళ్ళే అంటున్నారు. అది నిజమా, సర్దుకుపోవడమా అని అడిగితే మాత్రం "మీకెందుకు" అన్నారు.

ఫోటోల విషయంలో మాత్రం మా అయిదుగురిదీ ఒకటే మాట. ఈ మధ్య గట్టు మీద ఫోను నిలబెట్టి, వుజూ చేసుకుంటున్నవాళ్ళ వెనక నిలబడి రీల్సు తీసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ముఖం కడుక్కుంటున్న మనిషి ఎవరి వీడియోకీ తెర కాదు. మన తాతయ్య సంధ్యావందనం చేసుకుంటుంటే ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళు వచ్చి పక్కన పోజు పెడితే మనకు ఎలా ఉంటుంది? కట్టడం తీయండి, కప్పులు తీయండి, చెరువులో నీడ తీయండి, పొద్దుగూకే వేళ ఆ నీడ చాలా బాగుంటుంది. మనుషులను తీయాలంటే అడగండి. అడగడానికి నాలుగు మలయాళం మాటలు నేర్చుకోండి. "ఎడుత్తోట్టే?" అంటే తీసుకోవచ్చా అని. ఒక్క మాటే.

ఆ వాడలో మాకు ఎక్కువగా పట్టుకున్నది ఇళ్ళు. చెరువు చుట్టూ పెద్ద పెద్ద తరవాడ్లు, ఒక్కో దాంట్లో ఎన్నో గదులు, ఎన్నో కుటుంబాలు. ఇక్కడి కోయా కుటుంబాల్లో ఇల్లు ఆడవాళ్ళ వైపు నుంచి సాగుతుంది. పెళ్ళయినా అమ్మాయి పుట్టింట్లోనే ఉంటుంది, పెళ్ళికొడుకే అక్కడికి వస్తాడు. అతన్ని పుతియాప్ళ అంటారు. ఎన్నేళ్ళయినా పేరు అదే, కొత్త పెళ్ళికొడుకు. మన ఇల్లరికం అల్లుడిని గురించి మన సినిమాలు చేసినంత ఎగతాళి ఇక్కడ లేదు. మర్యాదే ఎక్కువ. కట్టుబట్టలతో కదిలే మనలాంటి ఇళ్ళవాళ్ళకు, అమ్మమ్మ, ఆమె అమ్మమ్మ, ఆమె అమ్మమ్మ ఒకే గదిలో పుట్టారన్న మాట వింటే ఒక రకంగా దిగులు వేస్తుంది. కానీ ఆ ఇళ్ళ మొదటి తాత ఎవరు? గాలికి కొట్టుకొచ్చిన నావికుడు. వచ్చినవాడు మగవాడు, ఇల్లు ఇచ్చింది ఇక్కడి ఆడది. ఇంత పాతుకుపోయిన వాడ కూడా వచ్చిపోయేవాళ్ళతోనే మొదలైంది. అది మాకు కొంచెం ధైర్యం.

ఆ పెద్దాయన మమ్మల్ని ఎప్పుడు కలిసినా ఒకటే అడుగుతారు, ఇంకా ఎన్నాళ్ళు ఉంటారు అని. వచ్చే మార్చి వరకు ఇద్దరం, ఆపై ఏడాది వరకు ముగ్గురం అని చెప్తాం. సరే అయితే రేపు రండి అంటారు.

ఈ వ్యాసం రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా తరువాత ఈ తెలుగు పేజీలు నడిపేవాళ్ళకు ఒక పని అప్పగిస్తున్నాం. మీరు ఏ ఊరు బదిలీ అయినా అక్కడ గుడిలోనో, మసీదులోనో, బావి దగ్గరో ఉన్న ఒక రాతను చూసి, అది ఏ లిపిలో ఉందో, ఎవరు ఎవరికి ఏం మాట ఇచ్చారో తెలుసుకుని పదిహేను వాక్యాల్లో రాసి పంపండి. చదవడం రాకపోతే అక్కడి మాష్టారునో, పురావస్తు శాఖ ఆఫీసునో అడగండి. చెన్నై నుంచి వచ్చినా సరే, జోర్హాట్ నుంచి వచ్చినా సరే. మాలో ఒకరి నాన్నగారికి ఈసారి ఒంగోలు వస్తుందని అంటున్నారు. వస్తే మోటుపల్లి రాత నకలు చేతితో రాసి వచ్చే సంచికకు పంపే బాధ్యత వాళ్ళది. ముచ్చుంది రాయి గురించి మలయాళంలో ఒక పేజీ మేమే రాసి పక్క విభాగానికి ఇచ్చాం. అచ్చుతప్పులు దిద్దడానికి వాళ్ళు ఒప్పుకున్నారు.